చింతపండు జాడీకి గంట

మల్లవరప్పేట బజారులో బీరువాల పానకాలరావు కొట్టు ఎక్కడని అడిగితే ఎవరైనా చెబుతారు. కొట్టు పెద్దదని కాదు, బోర్డు పెద్దది. ఆకుపచ్చ రేకు మీద పసుపు అక్షరాలతో "చలువాది వారి స్టీలు బీరువాలు" అని, దాని కింద కాస్త చిన్నగా "మా ఇంట్లో వాడేదీ ఇదే" అని రాసి ఉంటుంది.

ఆ రెండో వాక్యం పానకాలరావు సొంత తెలివి. ముప్పై ఏళ్ళ కిందట బోర్డు రాసిన పెయింటరు అక్షరానికి రెండు రూపాయలు అడిగితే, పానకాలరావు ఒక పూట ఆలోచించి మరీ ఒప్పుకున్నాడు. జీవితంలో అతను పెట్టిన ఖర్చుల్లో అంతగా తిరిగొచ్చిన ఖర్చు మరొకటి లేదు. కొనేవాడు రేకు మందం అడుగుతాడు, తాళం ఎక్కడిదని అడుగుతాడు, ధర దగ్గర పీకులాడతాడు. చివరికి బోర్డు వంక చూసి, "మీ ఇంట్లో కూడా ఇదేనా శెట్టిగారూ?" అంటాడు. "ఇదే" అంటాడు పానకాలరావు. బేరం కుదురుతుంది.

అది అబద్ధమూ కాదు. అతని పడకగదిలో నిలువుటద్దం బిగించిన బీరువా నిజంగానే ఉంది. దాని లోపల ఏముందని ఈ ముప్పై ఏళ్ళలో అడిగినవాడు లేడు.

ఆ మాటకొస్తే ఊళ్ళో ఎవరి బీరువాలో ఏముందో పానకాలరావుకు తెలుసు. రంగు వేయించడానికో, తలుపు వాలిపోతేనో కొట్టుకు వచ్చిన బీరువాలన్నీ అతని కళ్ళ ముందే తెరుచుకున్నాయి. పట్టుచీరలు, కలరా ఉండలు, పెళ్ళి ఫోటోల ఆల్బం, ఆగిపోయిన గోడగడియారం. బంగారం కనబడిన పాపాన పోలేదు. మల్లవరప్పేటలో బంగారం బియ్యం డ్రమ్ములో ఉంటుంది, కందిపప్పు డబ్బాలో ఉంటుంది, పాత పరుపు దూదిలో ఉంటుంది. బీరువా ఉన్నది దొంగ వచ్చినప్పుడు వెతుక్కోవడానికి.

పానకాలరావు ఇంట్లో అది చింతపండు జాడీలో ఉంది. కాసులపేరు, రెండుపేటల గొలుసు, ఆరు గాజులు మూటకట్టి జాడీ అడుగున పెట్టి, పైన నాలుగు వేళ్ళ మందాన చింతపండు అదిమింది అతని భార్య శేషారత్నం. కొత్త కాపురంలో ఒకసారి అతను బీరువా మాట ఎత్తితే, "అద్దం చూసుకోవడానికి బాగుందిలెండి" అంది. మళ్ళీ ఎత్తలేదు.

ఇలా ఎవరి దారిన వాళ్ళుండగా మునిసిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది.

"ఇందుమూలముగా యావన్మంది గృహయజమానులకు తెలియజేయునదేమనగా, పట్టణమందలి ప్రతి గృహమునందును దొంగతన హెచ్చరిక గంట అమర్చుకొనవలెను. అందులకగు వ్యయమునకు బడ్జెట్టు అంచనాను నిర్ణీత నమూనాలో ముందుగా సమర్పించవలెను. సమర్పించని వారివద్ద ఇంటిపన్ను స్వీకరింపబడదు."

చివరి వాక్యం చదివి పానకాలరావు మొదట సంతోషించాడు. తర్వాత, పన్ను రసీదు లేకపోతే కొట్టు లైసెన్సు తిరిగి రాయరని గుర్తొచ్చి, చొక్కా మార్చుకుని మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాడు.

గంటల పథకానికి ఒక ప్రత్యేకాధికారి వచ్చాడు. పేరు పరాంకుశం. బల్ల మీద అద్దం, అద్దం కింద ఉత్తర్వులు, అద్దం మీద ఇంకా చాలా ఉత్తర్వులు. ఆయన పానకాలరావును కూర్చోమని, ఫారం ఇచ్చాడు. అందులో మూడు గడులు ఉన్నాయి. భద్రపరచిన వస్తువు, దాని విలువ, భద్రపరచిన స్థలం.

ఒక్కో స్థలానికి ఒక గంట. గంట ఖరీదు మూడు వేల ఆరు వందలు, అందులో సగం ప్రభుత్వం ఇస్తుంది. ఎక్కడ దాచారో తెలియకపోతే ఎన్ని గంటలో తెలియదు, ఎన్ని గంటలో తెలియకపోతే బడ్జెట్టు లేదు. ఇంతవరకు లెక్క సవ్యంగానే ఉందని పానకాలరావుకు అనిపించింది. ఆ తర్వాతి మాటకు మాత్రం కుర్చీలో సర్దుకు కూర్చున్నాడు. ఫారాలన్నీ వచ్చాక ముసాయిదా జాబితా తయారుచేసి, ఆఫీసు బయట నోటీసు బోర్డు మీద పదిహేను రోజులు ఉంచి, ప్రజల నుంచి అభ్యంతరాలు స్వీకరిస్తారు.

"జాబితా అంటే, ఎవరింట్లో ఏది ఎక్కడుందో ఆ జాబితానా అండీ?"

"సగం ప్రజాధనం. ప్రజాధనం ఖర్చయ్యే చోట ప్రజలకు తెలియకుండా ఏదీ ఉండరాదు. దాన్నే పారదర్శకత అంటారు" అన్నాడు పరాంకుశం.

"ప్రజల్తో పాటు దొంగ కూడా చదువుతాడు కదండీ."

పరాంకుశం ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. అద్దం కింది ఉత్తర్వు ఒకటి వేలితో వెతికి, చదివి, తల పైకెత్తాడు. "చదవకూడదని నిబంధనల్లో లేదు. చదివిన పక్షంలో, అందరిలాగే నిర్ణీత గడువులోగా అభ్యంతరం ఇచ్చుకోవచ్చు."

పానకాలరావు ఇంటికొచ్చి భార్యకు విషయం చెప్పాడు. అతని భయం దొంగ గురించి కాదు. దొంగ పట్టుకుపోతే ఒకసారి పోతుంది. బీరువాల వ్యాపారి బంగారం చింతపండు జాడీలో ఉందని ఊరంతటికీ తెలిస్తే, ఆ బోర్డు కింద ఇక జన్మలో ఒక్క బేరం తెగదు. అంచేత ఈ పదిహేను రోజులకూ మూట బీరువాలోకి మార్చమని ఆమెను బతిమాలాడు. కావాలంటే రెండు తాళాలు బిగిస్తానన్నాడు.

శేషారత్నం మినప్పప్పు ఏరుతూ తల ఎత్తకుండానే విన్నది. "దొంగ ఇంట్లోకొస్తే ముందు ఏది తెరుస్తాడండీ?"

"బీరువా."

"మీ నోటితో మీరే అన్నారుగా."

ఆ సంభాషణ అంతటితో ముగిసింది. పానకాలరావు ఫారంలో వస్తువులు ఉన్నవి ఉన్నట్టు రాసి, స్థలం అన్న గడిలో "బీరువా" అని రాశాడు. ముప్పై ఏళ్ళుగా అన్నమాటే కదా, కాగితం మీద పెట్టాడంతే.

కాని ఫారం వెనకవైపు క్షేత్రస్థాయి తనిఖీ అన్నది ఒకటి ఉందని అతను చూసుకోలేదు. పది రోజుల తర్వాత పరాంకుశం, ఒక గుమాస్తా, టేపు పట్టుకున్న మరొకతను ఇంటికొచ్చారు. బీరువా తెరిపించారు. పట్టుచీరలు, కలరా ఉండలు, ఆల్బం, ఆగిపోయిన గడియారం. గుమాస్తా అన్నీ రాసుకుని, కింద "శూన్యం" అని గీత గీశాడు.

"వస్తువులు వాడుకలో ఉన్నాయండీ, మా వాళ్ళు పెళ్ళికి పట్టుకెళ్ళారు" అన్నాడు పానకాలరావు.

పరాంకుశం ఫారం వెనకవైపు తిప్పి చూశాడు. ఇలాంటి సందర్భంలో మూత గల పాత్రలన్నీ తెరవాలని నిబంధన ఉందని చెప్పి వంటింటి వైపు నడిచాడు. బియ్యం డ్రమ్ము, పప్పుల డబ్బాలు, ఆవకాయ జాడీ, ఊరమిరపకాయల డబ్బా ఒక్కొక్కటే మూత లేచింది. శేషారత్నం గుమ్మంలో నిలబడి చూస్తోంది. చింతపండు జాడీ దగ్గరికి వచ్చేసరికి ఆమె, "అందులో చింతపండండీ, కొత్తది, చెయ్యి పెడితే పాడవుద్ది" అంది. పరాంకుశం గరిటె అడిగాడు.

మూట బయటపడ్డాక ఆయన ముఖంలో దర్పం గాని, అనుమానం గాని కనబడలేదు. పని పూర్తయిన మనిషి తృప్తి మాత్రం కనబడింది. గుమాస్తాకు చెప్పి రాయించాడు: పింగాణీ జాడీ, ఐదు కిలోల సైజు, వంటింటి అలమర పై అర, ఎడమ నుంచి మూడోది, ఉపరితలమున చింతపండు, మందము నాలుగు వేళ్ళు.

పానకాలరావు ఆయన్ని వాకిట్లోకి తీసుకెళ్ళి, "ఇంట్లో ఒక పాత్రలో" అని రాస్తే సరిపోదా అని అడిగాడు. పోనీ, జాడీ అని రాసినా ఏమి జాడీ అన్నది వదిలేయమన్నాడు. కావాలంటే ఆఫీసుకు ఒక బీరువా ఇప్పిస్తానన్నాడు, ఆ ఉత్తర్వులన్నీ పట్టే సైజుది. పరాంకుశానికి కోపం రాలేదు. అస్పష్టమైన స్థలానికి గంట బిగించడం సాంకేతికంగా సాధ్యం కాదని ఓపిగ్గా చెప్పి, పక్కింటికి వెళ్ళిపోయాడు.

జాబితా బోర్డెక్కిన రోజు ఆఫీసు ముందు రికార్డింగ్ డాన్సుకు కూడా రానంతమంది జనం వచ్చారు. మొత్తం నాలుగు వందల పన్నెండు ఇళ్ళు. రిటైర్డు హెడ్మాస్టరు గారి ఉంగరాలు అటక మీది హార్మోనియం పెట్టెలో ఉన్నాయి. రైసుమిల్లు ఓనరు దగ్గర ఊరంతా అనుకున్నంత లేదు. బడ్డీకొట్టు మాణిక్యం దగ్గర ఎవరూ అనుకోనంత ఉంది, పెరట్లో రోటి కింద. రోలు పొడవు వెడల్పులు కూడా వేశారు. పక్కనున్న టీకొట్టతను మూడు రోజుల్లో బల్లలు పెంచాడు.

అన్నిటికన్నా ఎక్కువగా జనం నిలబడి చదివింది నూట ఎనభై ఏడో నంబరు దగ్గర. అక్కడ జాడీ వివరాలతో పాటు ఎర్ర సిరాతో ఒక గమనిక ఉంది: "యజమాని బీరువా అని ప్రకటించెను. తనిఖీయందు బీరువా శూన్యమని తేలెను. యజమాని వృత్తి: బీరువాల వ్యాపారము."

ఆ వారం కొట్టుకు బేరానికి వచ్చినవాళ్ళు లేరు. వచ్చినవాళ్ళంతా బోర్డు చదవడానికి వచ్చారు. ఒకాయన చాలా మర్యాదగా, చింతపండు జాడీలు ఏ సైజువి ఉన్నాయని అడిగాడు. కొత్తిల్లు కట్టుకుంటూ రెండు బీరువాలకు అడ్వాన్సిచ్చిన పుల్లడిగుంట రైతు ఒకడు వచ్చి, స్టూలు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, డబ్బు తిరిగిచ్చెయ్యమన్నాడు. "నాకేం లేదు శెట్టిగారూ, మా ఆడోళ్ళు నవ్వుతున్నారు" అన్నాడు. పానకాలరావు లెక్కపెట్టి ఇచ్చాడు. ఆ రోజు మధ్యాహ్నం నిచ్చెన తెప్పించి, బోర్డు మీది రెండో వాక్యం చెరిపేద్దామని పైకెక్కాడు. ఎదురుగా ఇంకో టీకొట్టులో జనమంతా లేచి నిలబడి చూస్తుంటే, రేకు మీద దుమ్ము తుడిచినట్టు తుడిచి దిగిపోయాడు.

అభ్యంతరాల విచారణ మునిసిపల్ హాల్లో పెట్టారు. పానకాలరావు తన గమనిక కొట్టేయించుకోవాలని అర్జీ రాసుకుని వెళ్ళాడు. అతని కన్నా ముందు ముప్పై మంది ఉన్నారు. వాళ్ళలో ఎవరూ తమ వివరాలు ఎందుకు బయటపెట్టారని అడగలేదు. అడగడానికి ఫారంలో గడి లేదు. అభ్యంతరాలన్నీ పక్కింటి వాళ్ళ మీద. పానకాలరావు పక్కింటి హైమావతి లేచి, ఆరు గాజులని రాసిన వాటిలో రెండు తనవని, అట్లతద్దికి శేషారత్నం ఎరువు తీసుకుని ఇవ్వలేదని చెప్పింది. వెంటనే ఆ రెంటికీ ప్రత్యేకంగా ఒక గంట మంజూరైంది.

తర్వాత పిలిచిన పేరు సన్నికంటి కొండలు. జనమంతా వెనక్కి తిరిగి చూశారు. కొండలు నాలుగుసార్లు జైలుకెళ్ళొచ్చిన దొంగ. అరవై దాటాయి. మోకాళ్ళు పట్టేసి, గోడలు ఎక్కలేక, ఈ మధ్య ఇంటిపట్టునే ఉంటున్నాడు. కళ్ళజోడు సర్దుకుని లేచాడు. పరాంకుశం అతనికి కుర్చీ వేయించి, పథకంవల్ల జీవనోపాధి ప్రభావితమయ్యే వర్గానికి చెందినవారు కనుక వారి అభ్యంతరం సవివరంగా నమోదు చేయాలని గుమాస్తాకు చెప్పాడు.

"మరేం లేదయ్యా. ప్రతి ఇంటికీ బీరువా అని ఒక గడి పెట్టి, అందులో సున్నా, సున్నా, సున్నా అని రాశారు. నాలుగొందల సున్నాలు చదివేసరికి కళ్ళు లాగేసినయ్. బీరువాలో ఏముండదని మాకు తెలవదా? నేను బీరువా తెరిచి ఇరవయ్యేళ్ళయింది. ఇప్పుడు కుర్రాళ్ళు కూడా దాని జోలికి పోరు. ఆ గడి తీసేయించండి."

పరాంకుశం గడి తీసేయడం కుదరదన్నాడు. తనిఖీలో తేలిన ప్రతి శూన్యాన్నీ శూన్యంగానే నమోదు చేయాలి. తుది జాబితా ప్రకటించాక ఏడాదిపాటు దానిలో ఏ సవరణా ఉండదు.

పానకాలరావు చేతిలో అర్జీ ఉంది. అతను ఆ అర్జీని మెల్లగా నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఊళ్ళో ప్రతి బియ్యం డ్రమ్మూ, ప్రతి పరుపూ, ప్రతి రోలూ జాబితాకెక్కింది. సున్నాతో ఎక్కింది బీరువా ఒక్కటే. అందులో ఏమీ లేదని మునిసిపాలిటీ అంటోంది, ఏమీ లేదని దొంగ అంటున్నాడు, ఏడాదిపాటు ఏమీ ఉండబోదని నిబంధన అంటోంది. తన వంతు వచ్చినప్పుడు లేచి, అధికారి గారికి దణ్ణం పెట్టి, ఒకే ఒక్క కోరిక కోరాడు.

"ఆ సున్నాలకు సీలు వేసి నాకొక నకలు ఇప్పించండయ్యా."

పరాంకుశం ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్ళలో సీలు తనంతట తాను అడిగిన పౌరుణ్ణి చూడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నకలు మర్నాటికల్లా వచ్చింది, గుండ్రటి సీలుతో, ఆకుపచ్చ సంతకంతో.

పానకాలరావు దానికి అద్దం కట్టించి కొట్టు గుమ్మంలో వేలాడదీశాడు. మాటలు పెద్దగా వాడలేదు. వచ్చినవాళ్ళ చేత చదివించాడు. చదివాక, "మీది ఎక్కడుందని రాశారండీ జాబితాలో?" అని మాత్రం అడిగేవాడు. వాళ్ళు పరుపనో, రోలనో చెప్పి, కాసేపు సీలు వంక చూసి, చిన్న సైజులో ఏమున్నాయని అడిగేవాళ్ళు. ఇళ్ళల్లో అప్పటికే ఉన్న బీరువాలు పనికొచ్చేవి కావు. ముప్పై ఏళ్ళుగా తిప్పినవాళ్ళు లేక వాటి తాళాలు తుప్పుపట్టి ఉన్నాయి. మూడు వారాల్లో డెబ్బై నాలుగు బీరువాలు పోయాయి. పుల్లడిగుంట రైతు మళ్ళీ వచ్చి, రెండుకు బదులు మూడు పట్టుకెళ్ళాడు. బోర్డు మీది రెండో వాక్యానికి కొత్త పసుపు రంగు పడింది.

ఈలోగా గంటలు వచ్చాయి. ఖాళీ అయిన డ్రమ్ములకు, ఖాళీ అయిన పరుపులకు బిగించారు. అన్నం వండే వేళకు ఊరంతా మోగేది. హార్మోనియం పెట్టె తీస్తే మోగేది. శేషారత్నం చారు పెట్టిన ప్రతిసారీ చింతపండు జాడీ మోగి, ఆఫీసు నుంచి ఒక మనిషి వచ్చి, చారేనని సంతకం పెట్టించుకుని వెళ్ళేవాడు. ఇలా పదిసార్లయ్యాక ఆమె టమాటాలతో సరిపెట్టుకోవడం మొదలుపెట్టింది. గంట బిగించిన ఏ ఒక్క స్థలంలోనూ దొంగతనం జరగలేదని పరాంకుశం పైకి నివేదిక పంపాడు. అది నిజమే.

నెల తిరిగేసరికి ఆయనే స్వయంగా కొట్టుకు వచ్చాడు. పట్టణంలో బీరువాల కొనుగోలు గణనీయంగా పెరిగినట్టు తమ దృష్టికి వచ్చిందని, వాటికి కూడా గంటలు అవసరమేమో పరిశీలించాలని, కనుక బిల్లు పుస్తకం ఇవ్వమని అడిగాడు. కొన్నవారి పేరు, ఇంటి నంబరు, బీరువా పెట్టిన గది ప్రకటించి, అభ్యంతరాలు స్వీకరిస్తారు.

"ఏడాదిదాకా సవరణ ఉండదన్నారు కదండీ" అన్నాడు పానకాలరావు.

"ఇది సవరణ కాదు, అనుబంధం."

పానకాలరావు ఆయనకు సోడా తెప్పించాడు. పుస్తకం తప్పకుండా ఇస్తానని, అయితే కాగితాలు చిరిగి ఉన్నాయి కనుక సాపు రాయించి ఇవ్వడానికి పది రోజుల గడువు కావాలని లిఖితపూర్వకంగా అడిగాడు. లిఖితపూర్వకం అనేసరికి గడువు అక్కడికక్కడే మంజూరైంది.

ఆయన మెట్లు దిగగానే పానకాలరావు జాడీల టోకు వ్యాపారికి ఫోను చేసి, ఐదు కిలోల సైజు పింగాణీవి మూడు వందలు పంపమన్నాడు. పాత జాడీలకు గంటలున్నాయి. కొత్త జాడీలకు లేవు, ఏ జాబితాలోనూ లేవు. తర్వాత బిల్లు పుస్తకం ముందేసుకుని, డెబ్బై నాలుగిళ్ళకూ వరుసగా ఫోను చేసి, మీ పేరు బోర్డెక్కబోతోందని, పది రోజుల్లో చూసుకోమని చెప్పాడు. తన దగ్గర కొన్నవాళ్ళు తెలియక మునగకూడదన్నది అతని పద్ధతి. జాడీలు శనివారం దిగుతాయన్న సంగతి కూడా అదే ఫోనులో చెప్పాడు.

జాడీలకు వేరే బోర్డు పెట్టాలని పెయింటర్ని పిలిపించాడు. పాత పెయింటరు కొడుకు ఇతను, అక్షరానికి నలభై రూపాయలు. "చలువాది వారి జాడీలు" అని రాసి, కుంచె పైకెత్తి, "కింద ఆ పాత మాట కూడా రాయమంటారా బాబాయ్? మా ఇంట్లో వాడేదీ ఇదే అని?" అన్నాడు.

ఒకసారి దెబ్బతిన్న మాట. ఈసారి నిజమో కాదో చూసుకుని రాయించడం మంచిదని పానకాలరావుకు తోచింది. పెయింటర్ని ఆగమని ఇంటికి వెళ్ళాడు. పడకగదిలో బీరువా తెరిచాడు. పట్టుచీరలు, కలరా ఉండలు, ఆల్బం, గడియారం. వంటింట్లోకి వెళ్ళి జాడీ మూత తీశాడు. గంట మోగింది. అడుగుదాకా చెయ్యి పెట్టి చూశాడు. అడుగుదాకా చింతపండే.

శేషారత్నం పెరటి గుమ్మంలో కూర్చుని టమాటాలు తరుగుతోంది.

"రత్నం, మూట ఎక్కడ పెట్టావే?"

"ఉందిలెండి."

"ఎక్కడుందో నాకు తెలియొద్దా?"

"మీకు చెబితే మీరు ఫారంలో రాస్తారు" అందామె, టమాటా మీంచి చూపు తిప్పకుండా. "ఏదో ఒక రోజున బోర్డు మీద పెడతారుగా. అప్పుడు చదువుకోండి."

ఇంతలో ఆఫీసు మనిషి పుస్తకం పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. చారేనని పానకాలరావు సంతకం పెట్టి, చెయ్యి కడుక్కుని, కొట్టుకు తిరిగొచ్చాడు. పెయింటరు ఇంకా నిచ్చెన మీదే ఉన్నాడు.

"ఆ జాగా ఖాళీగా ఉంచరా. ఎన్ని అక్షరాలు పడతాయో ఇప్పుడే చెప్పలేను."